అంబాసిడర్ ఇంజన్ ఆయిల్ లీకు: మరక నుంచి మూలం దాకా

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ఇంటి గేటు లోపల పరిచిన షాబాద్ బండల మీద, సరిగ్గా కారు క్లచ్ హౌసింగ్ (ఇంజన్ వెనక క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) వచ్చే చోట, అరచేయంత నల్లటి మరక 2023 వర్షాకాలం చివర నుంచి కనిపించడం మొదలైంది. రంపపు పొట్టు చల్లి, బట్టల సోడా వేసి రుద్ది కడిగినా మూడు రోజుల్లో మళ్లీ వచ్చేది. కారు మా నాన్నగారు 1977లో కొన్న అంబాసిడర్ మార్క్ 3. ఆయనకు ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. స్టీరింగు వదిలి ఆరేళ్లయింది. అప్పటి నుంచి ఆ కారు మంచిచెడ్డలు చూసుకుంటున్నది నేను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి పదవీ విరమణ చేసిన నాకు కారు నడపడం బాగానే వచ్చు గాని, ఇంజన్ లోపల ఏముంటుందో పాఠ్యపుస్తకంలోని బొమ్మ మేరకే తెలుసు. ఆ మరక ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కోవడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. ఇలాంటి పాత కారు ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో జరిగినదంతా జరిగిన క్రమంలో రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన పని కొలవడం. వెడల్పాటి స్టీలు పళ్లెం ఒకటి ఇంజన్ వెనక భాగం కింద పెట్టి, వారం తర్వాత అందులో చేరినదాన్ని మందు సీసాతో వచ్చే కొలత గిన్నెలో పోసి చూశాను. 140 మిల్లీలీటర్లు వచ్చింది. ఆ వారంలో కారు తిరిగింది మొత్తం పద్దెనిమిది కిలోమీటర్లు. దారిలో కారినది ఇందులో లెక్కకు రాదు. ఈ ఇంజన్‌లో పట్టేది సుమారు నాలుగు లీటర్ల ఆయిల్ కాబట్టి, ఎవరూ చూడకుండా రెండు నెలలు వదిలేస్తే గేజ్ పుల్ల మీద ఆయిల్ కింది గీత దాటి పడిపోవడం ఖాయం. బండలు పాడవుతున్నాయన్న బాధ అప్పుడు పక్కకు పోయి, ఇంజన్ పాడవుతుందన్న భయం పట్టుకుంది.

మొదట చూపించిన గ్యారేజీలో కారు కిందకు ఒక్కసారి తొంగి చూసి, వెనక సీల్ పోయింది, ఇంజన్ దించాలి, ముప్పై అయిదు వేలు అవుతుందని చెప్పారు. అంత త్వరగా తేల్చినందుకే నాకు నమ్మకం కుదరలేదు. రెండో చోట సంప్ ప్యాకింగ్ మార్చి 4,500 రూపాయలు తీసుకున్నారు. మన మెకానిక్కులు సంప్‌ను చాంబర్ అంటారు, ఇంజన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టి అదే. ప్యాకింగ్ అంటే ఆయిల్ కారకుండా అతుకు మధ్య వేసే పట్టీ. పది రోజులు పళ్లెం దాదాపు పొడిగా ఉండటంతో సంతోషించాను. పదకొండో రోజు మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. మూడో వారానికి లెక్క 140 నుంచి 150కి పెరిగింది.

అప్పుడు నాన్నగారు బీరువాలో నుంచి కారుతో పాటు కొన్న వర్క్‌షాప్ మాన్యువల్ తీసి ఇచ్చారు. అట్ట ఊడిపోయినా లోపలి బొమ్మలు చెక్కుచెదరలేదు. అంబాసిడర్ 1957 నుంచి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసిన కారు గాని, పుట్టుకలో అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. మా కారులో ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్. ఈ వంశక్రమం తెలుసుకోవడం వల్ల నాకు ఒక పెద్ద ఖర్చు తప్పింది. ఎందుకంటే ఆ తరం బీ-సిరీస్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక కొస దగ్గర, ఇప్పటి ఇంజన్లలో ఉండే రబ్బరు పెదవి సీల్ అసలు లేనే లేదు. దాని బదులు షాఫ్ట్ మీదనే మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంత సేపూ ఆ గాడి, వెనక్కి రాబోయిన ఆయిల్‌ను మర బిగించినట్టుగా లోపలికి తోసేస్తుంది, అది వెనక బేరింగ్ క్యాప్ దగ్గరి దారి గుండా సంప్‌లోకి దిగిపోతుంది. గాడికీ దాని చుట్టూ ఉన్న లోహానికీ మధ్య సన్నని ఖాళీ తప్ప అడ్డు ఏదీ ఉండదు. లేని సీల్ పోయిందని ఇంజన్ దించడానికి నేను ఒప్పుకొని ఉంటే ఏం మార్చి ఉండేవారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మా కాలనీలోనే పాత ఫియట్ ఉన్న ఒక పెద్దాయన ముషీరాబాద్ వైపు ఒక సందులో ఉన్న ఉస్తాద్ దగ్గరికి పంపారు. ఆయన షెడ్డు రెండు కార్లు పట్టేంత. ఆయన చేతుల్లోకి అంబాసిడర్ ట్యాక్సీలు నలభై ఏళ్లుగా వస్తూ పోతూ ఉన్నాయి. నేను చెప్పినదంతా ఓపికగా విని, కారు కిందకు వంగకుండానే అన్నారు: "మేడం, ఆయిల్ కారేది కింద, బీమారి ఉండేది పైన. గాలికి ఎనకకు కొట్టుకుపోయి ఆడ చుక్కైతది. ముందుగాల కడుగుదాం. కడగకుంట చూస్తే నలభై ఏండ్ల మురికే కనపడ్తది, లీకు కనపడదు."

ఇంజన్ కడగడానికి ఒక పూట పట్టింది. డిస్ట్రిబ్యూటర్‌కూ కార్బురేటర్‌కూ పాలిథిన్ కవర్లు కట్టి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో పైనుంచి కిందకు రుద్ది, నీళ్లు కొట్టి, కంప్రెసర్ గాలితో ఆరబెట్టారు. పొరలు పొరలుగా పేరుకున్న జిడ్డు పోయాక ఇంజన్‌కు వేసిన అసలు రంగు ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. ఆ తర్వాత లీకు జాడ పట్టడానికి పొడి చల్లాలన్నారు. ఇంట్లో ముగ్గుపిండి ఉంది, తెస్తానన్నాను. ఉస్తాద్ గట్టిగా వద్దన్నారు. ముగ్గుపిండి రాతి పొడి, ఇంజన్ విప్పినప్పుడు ఒక్క చిటికెడు లోపల పడినా బేరింగుల మీద ఎమరీ పేపర్‌లా పని చేస్తుందన్నారు. పసిపిల్లలకు రాసే పౌడరు డబ్బా ఒకటి తెప్పించి, పల్చని బట్టలో మూటకట్టి, ఇంజన్ ఎడమ పక్క, కుడి పక్క, సంప్ అంచు, క్లచ్ హౌసింగ్ అంతా తెల్లబడేలా అద్దారు.

అలా పౌడరు పూసిన కారును ముషీరాబాద్ నుంచి ట్యాంక్ బండ్ మీదుగా నెక్లెస్ రోడ్డు చుట్టి తెచ్చాము, ఇంజన్ బాగా వేడెక్కేలా దాదాపు ఇరవై కిలోమీటర్లు. తిరిగి వచ్చాక టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకొని చూస్తే తెల్లటి పౌడరు మీద మూడు తడి జాడలు స్పష్టంగా కనిపించాయి. ఒకటి ఇంజన్ నెత్తిన మూతలా ఉండే రాకర్ కవర్ వెనక మూల నుంచి సన్నగా దిగిన గీత. రెండోది ఎడమ పక్కన మేనిఫోల్డ్ (ఇంజన్‌కు గాలి, పొగ గొట్టాలు కలిసే భాగం) కింద, వాల్వులను కదిలించే టాపెట్లను కప్పే రెండు పక్క మూతల్లో ముందున్నదాని అడుగు అంచు నుంచి బయలుదేరి, సంప్ అంచు పట్టుకొని వెనక్కి పోయిన వెడల్పాటి చార. మూడోది క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే స్ప్లిట్ పిన్ (రెండు కాళ్ల తీగ పిన్ను) కొసన వేలాడుతున్న చుక్క. ఆ పిన్ ఎందుకుందో అప్పుడే తెలిసింది: కదులుతూ ఉంటే రంధ్రం మురికితో పూడుకోదు, లోపల చేరిన ఆయిల్ క్లచ్ ప్లేటును చేరకుండా బయటకు పోతుంది.

మొదటి గ్యారేజీ వారు చూసినది ఆ మూడో చుక్కనే. కానీ అది లోపలి నుంచి వస్తున్నదా, రెండో చార పాకి అక్కడికి చేరి చుక్కవుతున్నదా అన్నది కారు నడిపి చూస్తే తేలదు, ఎందుకంటే నడిచేటప్పుడు గాలి అన్నింటినీ వెనక్కే తోస్తుంది. అందుకని మళ్లీ తుడిచి, మళ్లీ పౌడరు అద్ది, ఈసారి కారును కదపకుండా స్లోలో అరగంట నడిపాము. పక్క మూత అంచు ఎనిమిది నిమిషాలకే తడిసింది. స్ప్లిట్ పిన్ దగ్గర చుక్క ఇరవై రెండు నిమిషాలకు వచ్చింది, అప్పటికి సంప్ అంచు మీది చార ఇంకా సగం దూరంలోనే ఉంది. అంటే రెండు చోట్లా లీకు నిజమే, ఒకదాని నుంచి ఒకటి పుట్టినది కాదు. మరి ఇన్నేళ్లు లేనిది మూడు చోట్లా ఒకేసారి ఎందుకు మొదలైంది? నాకు ఆ ప్రశ్న వచ్చేలోగా ఉస్తాద్ సమాధానం వెతకడం మొదలుపెట్టారు.

రాకర్ కవర్ మీద ఆయిల్ పోసే మూత తీసేసి, ఆ నోటికి పలుచని రబ్బరు తొడుగు ఒకటి తొడిగి, దారంతో బిగించి కట్టారు. ఆసుపత్రుల్లో చేతికి వేసుకునే రకం. ఇంజన్ స్టార్టు చేసి స్లోలో వదిలితే, పట్టుమని పది సెకన్లలో ఆ అయిదు వేళ్లూ పొంగి నిటారుగా నిలబడ్డాయి. "చూసిండ్రా మేడం, ఇంజన్‌కు దమ్ము ఆడుతలేదు. లోపలి గాలి పోయే తొవ్వ లేక ప్యాకింగులను తోసుకుంట బయటికి వస్తున్నది," అన్నారు. తరగతి గదిలో పీడనం గురించి ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు గాని, ఆ తొడుగు పొంగినప్పుడు అర్థమైనంత బాగా ఎప్పుడైనా అర్థం చేయించానా అని నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది.

ఏ ఇంజన్‌లోనైనా పిస్టన్ రింగుల పక్కనుంచి కొద్దిగా వాయువు క్రాంక్ కేసులోకి, అంటే క్రాంక్ షాఫ్ట్ తిరిగే గదిలోకి, దిగుతూనే ఉంటుంది. అది బయటకు పోవడానికి ఈ ఇంజన్‌కు రెండు దారులున్నాయి. రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం ఒకటి, ముందు పక్క మూతకు అతికించి ఉండే బ్రీదర్ పైపు ఇంకొకటి. ఈ పైపు కిందకు వంగి, కారు అడుగున ఏటవాలుగా కోసిన కొసతో ముగుస్తుంది. కారు వేగంగా పోతుంటే ఆ కొస పక్కనుంచి దూసుకుపోయే గాలి లోపలి ఆవిర్లను లాగేస్తుంది. వేగం లేనప్పుడు లాగేది ఏదీ లేదు. నాన్నగారు నడిపిన రోజుల్లో ఈ కారు నెలకోసారైనా కర్నూలో, వరంగల్లో పోయి వచ్చేది. నా చేతికి వచ్చాక కూరగాయల మార్కెట్టుకు, గుడికి, బ్యాంకుకు, రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగలేదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి బయటకు పోకుండా లోపలే చల్లబడి ఆయిల్‌తో కలిసి మీగడలాంటి ముద్దవుతుంది. ఆయిల్ మూత లోపలి వైపు అలాంటి లేత గోధుమరంగు మీగడ నేను చాలాసార్లు చూశాను, గుడ్డతో తుడిచేశాను, అది ఒక హెచ్చరిక అని మాత్రం అనుకోలేదు.

రింగులు అరిగిపోయి గాలి మరీ ఎక్కువగా దిగుతున్నదేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే పీడనం) చూశారు: 118, 115, 120, 112 పీఎస్ఐ. ఇంత పాత, తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు అది చాలన్నారు. బోరు పని, అంటే సిలిండర్లను తిరిగి చెక్కించే పని, అవసరం లేదని తేలినందుకు ఇంటికి ఫోను చేసి నాన్నగారికి వెంటనే చెప్పాను.

మర్నాడు సామాన్ల కోసం నేనే వెళ్లాను. హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసినా, ఇంత కాలం ట్యాక్సీలుగా, ప్రభుత్వ కార్లుగా తిరిగిన బండి కావడం వల్ల ప్యాకింగులకు ఇంకా కొరత రాలేదు. పుత్లీబౌలిలో ఒక దుకాణంలో ఇంజన్ మొత్తానికి సరిపడే ప్యాకింగ్ సెట్టు 1,800 రూపాయలకు దొరికింది. ఫైబర్ వాషర్లు, రాకర్ కవర్ నట్ల కింద వచ్చే రబ్బరు బుష్షులు అందులో లేవు, వాటి కోసం రాణీగంజ్‌లో ఆయిల్ సీళ్లు అమ్మే వరుసంతా తిరగాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చి చూస్తే పక్క మూతల కార్క్ ప్యాకింగులు ఎండిపోయి, పాత మూత మీద పెడితే పొడవు సరిపోవడం లేదు. తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. ఉస్తాద్ వాటిని గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టమన్నారు. నానాక అవి సాగి, సరిగ్గా సరిపోయాయి. కార్క్ చెట్టు బెరడు కదా, తేమ పోతే కుంచించుకుపోతుంది, తేమ తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది.

అసలు కష్టమంతా ఎడమ పక్కన ఉంది. పక్క మూతలు మేనిఫోల్డ్ వెనక దాక్కొని ఉంటాయి కాబట్టి కార్బురేటర్, సైలెన్సర్ పైపు క్లాంపు, మేనిఫోల్డ్ వరుసగా విప్పితే గాని చెయ్యి పోదు. ఏళ్ల తరబడి కాలి తుప్పు పట్టిన నట్లు బలవంతాన తిప్పితే స్టడ్లు, అంటే ఆ నట్లు ఎక్కే మర కడ్డీలు, విరుగుతాయి. విరిగిన స్టడ్డు ముక్కను హెడ్డులో నుంచి తీయడం మొత్తం పనికంటే పెద్ద పని. అందుకని ఉస్తాద్ రెండు రోజులు పూటపూటకూ తుప్పు వదిలే ద్రవం పోస్తూ, నట్టు తలల మీద చిన్న సుత్తితో తడుతూ కాచుకున్నారు. మూడో రోజు అన్నీ కదిలాయి, ఒక స్టడ్డు మాత్రం నట్టుతో పాటే ఊడి వచ్చింది, అది మరతో సహా క్షేమంగా వచ్చినందుకు ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాము. ఈ ఇంజన్ మీది బోల్టులు అంగుళాల కొలతవి. సగం అంగుళం నట్టుకు పదమూడు మిల్లీమీటర్ల స్పానరు పట్టినట్టే ఉంటుంది గాని, గట్టిగా తిప్పితే మూలలు అరిగిపోతాయని, అంగుళాల స్పానర్లు లేనివారికి ఇలాంటి కారు ఇవ్వవద్దని ఆయన నాకు పదేపదే చెప్పారు.

ముందు పక్క మూత చేతికి వచ్చాక అద్దపు పలక మీద బోర్లించి చూపించారు. మధ్యలో ఒకే ఒక బోల్టుతో బిగిసే మూత అది. లీకు కనపడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ బోల్టును మరింత బిగించినట్టున్నారు, పల్చని రేకు మధ్యలో లోపలికి కుంగి, నాలుగు అంచులూ పైకి లేచి ఉన్నాయి. పలకకూ అంచుకూ మధ్య నుంచి పోస్టు కార్డు దూరిపోయింది. బిగిస్తే ఆగుతుందన్నది మనందరికీ తోచే వైద్యమే. ఇక్కడ మాత్రం బిగించినకొద్దీ లీకు పెరుగుతూ వచ్చింది. ఆ రేకును గట్టి టేకు చెక్క మీద పెట్టి, చిన్న సుత్తితో అంచు చుట్టూ మెల్లగా కొడుతూ, మళ్లీ మళ్లీ అద్దం మీద పెట్టి చూస్తూ గంటన్నరలో సమం చేశారు.

బ్రీదర్ పైపులోకి నోటితో ఊదమని నాకు ఇచ్చారు. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదినా గాలి అవతలికి పోలేదు. మూత లోపలి వైపు ఉండే జాలీ మీద కూడా తారులాంటి నల్లటి మడ్డి గట్టిపడి ఉంది. దాన్ని పాత రంగుడబ్బాలో కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున సైకిల్ బ్రేకు కేబుల్ దూర్చి తిప్పి తిప్పి కుళ్లగించి, కంప్రెసర్ గాలి కొడితే, నేరేడు గింజంత గట్టి ముక్కలు మూడు నాలుగు రాలాయి, ఆ వెనకే ముద్దలు ముద్దలుగా మడ్డి. మళ్లీ ఊదితే ఈసారి పైపు నా ఊపిరిని ఏ అడ్డూ లేకుండా తీసుకుంది. ఎయిర్ క్లీనర్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం కూడా లోపల ఉబ్బి సగం మూసుకుపోయి ఉండటంతో కొత్తది వేయించాను.

సంప్ ముట్టుకోవడం మొదట మా ఆలోచనలో లేదు. కానీ రెండో గ్యారేజీలో అతికించిన సిలికాన్ పేస్టు అంచు నుంచి తాడులా బయటకు ఉబికి ఉండటం చూసి ఉస్తాద్ ముఖం మారింది. బయటకు ఇంత వస్తే లోపలికీ అంతే వచ్చి ఉంటుంది, అది తెగిపడితే ఎక్కడికి పోతుంది అని అడిగారు. సంప్ దించి చూస్తే, ఆయిల్ పంపు పీల్చుకునే జాలీకి రెండు సిలికాన్ పీలికలు అంటుకొని ఉన్నాయి. ఇంకా కొన్ని చేరి ఉంటే జాలీ మూసుకుపోయి, బేరింగులకు ఆయిల్ అందక, లీకు బాగు చేయబోయి ఇంజన్ పోగొట్టుకునేవాళ్లం. మొత్తం పనిలో నాకు నిజంగా వణుకు పుట్టింది అప్పుడే. ముందూ వెనకా మెయిన్ బేరింగ్ క్యాపుల దగ్గర వంపులో కూర్చునే కార్క్ పట్టీలను కూడా ఆ రెండో గ్యారేజీ వారు అంచుకు సమంగా కోసేశారు. అవి కొద్దిగా పైకి పొడుచుకొని ఉంటేనే సంప్ బిగించినప్పుడు నలిగి ఖాళీని పూడుస్తాయి. సంప్ అంచు మీద ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంది. దాన్నీ కొట్టి సమం చేశారు.

బిగింపు పని ఒక్క రోజులో అయిపోయింది. ప్యాకింగ్‌ను మూత వైపు మాత్రమే పల్చగా గమ్ముతో అతికించి, ఇంజన్ వైపు కొద్దిగా గ్రీజు రాశారు. మళ్లీ ఎప్పుడైనా విప్పితే కార్క్ చిరగకుండా వస్తుంది. మధ్య బోల్టుకు కొత్త ఫైబర్ వాషర్ వేసి, స్పానరును కొస దగ్గర కాకుండా మెడ దగ్గర పట్టుకొని, మణికట్టు బలంతోనే బిగించారు. కార్క్ అంచు కొద్దిగా ఉబ్బడం కనిపించగానే చెయ్యి తీసేశారు. రాకర్ కవర్ ఎలాగూ తీసే ఉంది కాబట్టి టాపెట్ గ్యాపులు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య ఉండాల్సిన ఖాళీలు, కూడా చూశారు. ఏ వాల్వును సరిచేయాలో దాని అంకెను తొమ్మిది నుంచి తీసేస్తే వచ్చే అంకె గల వాల్వు పూర్తిగా తెరుచుకొని ఉండాలన్న లెక్క నాకు చాలా నచ్చింది. ఎనిమిది వాల్వులకూ ఆ లెక్క చెబుతూ నేను పక్కన నిలబడ్డాను, ఆయన ఖాళీలు కొలిచే పల్చని రేకులతో (ఫీలర్ గేజ్) సరిచేశారు. ఆయిల్ ఫిల్టర్ గిన్నె బిగించేటప్పుడు గాడిలో పాత రబ్బరు రింగు గట్టిపడి లోహంలో కలిసిపోయినట్టు ఉంది. దాన్ని గుండుసూదితో పెకలించి తీశాకే కొత్తది పెట్టారు. చూసుకోకుండా దాని మీదే కొత్తది పెడితే అక్కడ ఇంకో లీకు మొదలయ్యేది.

ఆయిల్ విషయంలో తప్పు నాదే. ఏడాది కిందట ఖరీదైనది మేలైనదే అయి ఉంటుందనుకొని, కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ-30 సింథటిక్ పోయించాను. సన్నని ఖాళీల మీద ఆధారపడి కట్టిన పాత ఇంజన్‌కు అంత పల్చని ఆయిల్ నప్పదు. వెనక గాడి చుట్టూ ఉన్న ఖాళీలో నుంచి అది చిక్కటి ఆయిల్ కంటే సులువుగా జారుతుంది. ఈసారి మామూలు మినరల్ 20డబ్ల్యూ-40 పోశాము. మొత్తం ఖర్చు ఆయిల్, ప్యాకింగులు, గొట్టం, ఉస్తాద్ కూలి అన్నీ కలిపి 10,900 రూపాయలు అయింది.

స్టార్టు చేసి, ఆయిల్ నోటికి మళ్లీ రబ్బరు తొడుగు కట్టాము. ఈసారి అది పొంగలేదు. వేళ్లు కిందకు వాలి, ఇంజన్ అదురుకు కొద్దిగా కదులుతూ ఉండిపోయాయి. పౌడరు అద్ది నెక్లెస్ రోడ్డు తిప్పి తెస్తే రాకర్ కవరూ, పక్క మూతలూ, సంప్ అంచూ పొడిగా తెల్లగానే ఉన్నాయి. స్ప్లిట్ పిన్ కొస కూడా పొడిగానే ఉంది. లోపలి పీడనం పోవడంతో వెనక గాడి మళ్లీ తన పని తాను చేస్తున్నదన్న మాట.

ఇంటికి తెచ్చి యథాప్రకారం పళ్లెం పెట్టాను. వారానికి 30 మిల్లీలీటర్లు వచ్చింది. 150 నుంచి 30 అంటే ఆనందించాల్సిందే గాని, నడిచి వచ్చినప్పుడు పొడిగా ఉన్న పిన్, రాత్రి కదలకుండా ఉన్నప్పుడు కారడం నాకు కొరుకుడు పడలేదు. ఉస్తాద్‌కు ఫోను చేస్తే, "మేడం, బండి ఇంట్ల ఎట్ల పెడుతరు?" అని ఒకే మాట అడిగారు. ఎలా పెట్టడమేమిటో అర్థం కాక, గేటులో నుంచి నేరుగా లోపలికి తెచ్చి పెడతానన్నాను. మా ఇల్లు గుట్ట వాలులో ఉంది. వీధి కంటే ఇంటి గచ్చు ఎత్తు. స్పిరిట్ లెవెలూ టేపూ పెట్టి కొలిస్తే, కారు నిలిచే చోట ప్రతి మీటరుకూ పదకొండు సెంటీమీటర్ల వాలు తేలింది. నేరుగా తెచ్చి పెడితే కారు ముక్కు పైకి, ఇంజన్ వెనక భాగం కిందకు ఉంటాయి. ఇంజన్ ఆపాక పైనుంచి జారి దిగే ఆయిలంతా వెనక బేరింగ్ వైపే వాలుతుంది. గాడి తిరిగితేనే ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. తిరగనప్పుడు అది ఒట్టి ఖాళీ.

ఈ మాట నాన్నగారికి చెబితే, "నేను ఎప్పుడూ వెనక్కే పెట్టేవాణ్ణి కదమ్మా," అన్నారు. నిజమే. నా చిన్నప్పటి నుంచి ఆయన ఎంత రాత్రి వచ్చినా, ఎంత అలసిపోయి ఉన్నా, కారును వీధిలో తిప్పి రివర్సులోనే లోపలికి తెచ్చేవారు. పొద్దున తొందరగా బయటకు తీయడానికి అనుకునేదాన్ని. కారు కొన్న కొత్తలో చూసిన మెకానిక్ ఈ వాలు చూసి అలా పెట్టమన్నాడట. ఎందుకని ఆయన అడగలేదట, నలభై ఏళ్లు అలాగే పెట్టారు. నేను ఆరేళ్లుగా ముక్కు ముందు పెట్టి తెస్తుంటే వరండాలో కూర్చొని చూస్తూ కూడా ఏమీ అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, కారు నీది అయ్యాక నీ పద్ధతి నీది అనుకున్నానన్నారు.

ఆ రోజు నుంచి కారును రివర్సులో పెడుతున్నాను. వీధి ఇరుకు కావడంతో మొదట్లో నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పాల్సి వచ్చేది, నాన్నగారు కర్ర ఊతంతో గేటు దగ్గర నిలబడి చేతితో సైగ చేస్తుంటే ఇప్పుడు రెండుసార్లలో వస్తున్నది. ఉస్తాద్ చెప్పినట్టు ప్రతి ఆదివారం పొద్దున రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాకా పోయి వస్తున్నాము. వెళ్లి రావడానికి సుమారు యాభై కిలోమీటర్లు కావడంతో ఇంజన్ బాగా వేడెక్కుతుంది, బ్రీదర్ పైపుకు గాలీ తగులుతుంది. ఆయిల్ మూత లోపల మీగడ కనపడి నాలుగు నెలలైంది. కార్క్ సర్దుకున్నాక వదులవుతుందని, వెయ్యి కిలోమీటర్లకు పక్క మూతల బోల్టులు ఒకసారి చూసి, చేతికి వదులుగా తగిలితేనే కొద్దిగా తిప్పమన్నారు. చూశాను, తిప్పాల్సిన అవసరం రాలేదు. పళ్లెం ఇంకా తీయలేదు. పోయిన వారం అందులో చేరినది కొలత గిన్నె మొదటి గీత దాకా రాలేదు, పళ్లెం అడుగున రూపాయి బిళ్లంత తడి మాత్రమే ఉంది.